మస్టాంగ్‌కు వేరే రిమ్ములు బిగించాలంటే 10 మి.మీ. స్పేసర్లు వేయవచ్చా?

ఒంగోలు నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయనకు 2017 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఉంది. చెన్నైలో ఒక స్నేహితుడి దగ్గర నాలుగు అల్లాయ్ రిమ్ములు చవకగా దొరికాయి. సైజు 19 అంగుళాలు, వెడల్పు 8.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ ఈటీ45, పీసీడీ (బోల్టు రంధ్రాల సంఖ్య, అవి ఉన్న వలయం వ్యాసం) 5×114.3, మధ్య రంధ్రం 73.1 మి.మీ. బోల్టు రంధ్రాలు సరిగ్గా కలిశాయి. కానీ ముందు చక్రం బిగించి చేత్తో తిప్పితే రిమ్ము చువ్వలు బ్రేక్ క్యాలిపర్‌కు (డిస్కును పట్టి ఆపే భాగానికి) రాసుకుంటున్నాయి. రిమ్ముల షాపు వాళ్లు నాలుగు చక్రాలకూ 10 మి.మీ. స్పేసర్లు (రిమ్ముకు, అది బిగుసుకునే హబ్బుకు మధ్య పెట్టే లోహపు బిళ్లలు) వేస్తే అయిపోతుందన్నారట. బంధువు ఒకరేమో స్పేసర్ వేస్తే నడిరోడ్డు మీద చక్రం ఊడిపోతుందని భయపెట్టారట. ఇద్దరిలో ఎవరి మాట వినాలి అని అడుగుతున్నారు.

ఇద్దరి మాటా వినకండి. ముందు చక్రాలకు సరైన రకం స్పేసర్ వేసుకోవచ్చు, భయం లేదు. వెనక చక్రాలకు మాత్రం ఈ రిమ్ములు స్పేసర్ వేసినా పనికిరావు, వేయకపోయినా పనికిరావు. మీరు స్పేసర్ గురించి అడిగారు కానీ, మీ అసలు చిక్కు వెనక రిమ్ము వెడల్పు దగ్గర ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

నా సంగతి ఒక్క ముక్క. నెల్లూరులో వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ పని మొదలుపెట్టి 22 ఏళ్లయింది. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇన్నోవాలు, స్విఫ్టులు, ధాన్యం వ్యాపారుల బొలేరోలే. అయితే రొయ్యల చెరువుల వాళ్లవి, గ్రానైట్ వాళ్లవి ఖరీదైన కార్లు ఏడాదికి పదో పన్నెండో నా ర్యాంపు ఎక్కుతాయి. వాటిలో సగం వచ్చేది ఒకే కారణంతో: అందం కోసం రిమ్ములు మార్చారు, ఆ తర్వాత స్టీరింగ్ వణకడం మొదలైంది.

ముందు మీ ఈటీ45 సంగతి చూద్దాం. కారుతో వచ్చిన ముందు రిమ్ము కూడా ఈటీ45 కదా, అంకె ఒకటే అయినప్పుడు ఇది ఎందుకు తగులుతోంది అని రాశారు. ఆఫ్‌సెట్ ఒకటే అయినంత మాత్రాన రెండు రిమ్ములు ఒకే చోట కూర్చోవు. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక గీత గీశారనుకోండి. ఆ గీతకు, రిమ్ము హబ్బుకు ఆనుకునే ముఖానికి మధ్య ఎంత దూరం ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. వెడల్పు మారితే ఆ మధ్య గీత నుంచి అంచుల దూరం మారుతుంది.

లెక్క వేసి చూపిస్తాను. కంపెనీ ముందు రిమ్ము వెడల్పు 9 అంగుళాలు, అంటే 228.6 మి.మీ. అందులో సగం 114.3. (పీసీడీ అంకె కూడా అదే కావడం కాకతాళీయం, రెండూ కలిపి గందరగోళపడకండి.) ఆ సగంలోంచి ఆఫ్‌సెట్ 45 తీసేస్తే 69.3. హబ్బు ముఖం నుంచి రిమ్ము బయటి అంచు అంత దూరంలో ఉంటుంది. సగానికి 45 కలిపితే 159.3, అది లోపలి అంచు దూరం. ఇప్పుడు మీ 8.5 అంగుళాల రిమ్ముకు సగం 107.95. బయటికి 62.95, లోపలికి 152.95. అంటే మీ కొత్త రిమ్ము బయటి అంచు అసలు దానికంటే 6.35 మి.మీ. లోపలికి నక్కి కూర్చుంటుంది. అంచు పెదవి మందం నేను కలపలేదు, రెండింటికీ దాదాపు ఒకటే కాబట్టి తేడా మారదు.

5 మి.మీ. స్పేసర్ వేస్తే బయటి దూరం 67.95 అవుతుంది. అప్పటికీ కంపెనీ అంచుకంటే 1.35 మి.మీ. లోపలే ఉంటుంది. 10 వేస్తే 72.95, అంటే 3.65 మి.మీ. బయటికి. ఈ రెండింటితోనూ ఫెండర్‌కు (చక్రం పైన ఉండే బాడీ రేకుకు) ముప్పు లేదు. అదే కొందరు సలహా ఇచ్చే 20 మి.మీ. స్పేసర్ అయితే 13.65 మి.మీ. బయటికి తన్నుకొస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు చక్రం గుంతలో పడితే టైరు భుజం లోపలి ప్లాస్టిక్ లైనర్‌ను గీరడం అక్కడ మొదలవుతుంది. చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీల వెనక ఎప్పుడైనా వెళ్లి ఉంటే గుంతల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

అయితే పై అంకెలన్నీ అంచుల గురించి చెప్పేవే. చువ్వ ఎంత లోపలికి వంగి ఉందో చెప్పే అంకె రిమ్ము మీద ఎక్కడా ఉండదు. మీ కారుకు ముందు ఆరు పిస్టన్ల బ్రెంబో క్యాలిపర్లు ఉంటే, అవి బయటి వైపు బాగా ఉబ్బి ఉంటాయి. అందుకే పీసీడీ, ఆఫ్‌సెట్, వెడల్పు అన్నీ కాగితం మీద సరిపోయిన రిమ్ము కూడా వాటికి తగలవచ్చు. ఇది కొలిచి తేల్చుకోవలసిందే.

కొలవడానికి పెద్ద సామాను అక్కరలేదు. పిల్లలు బొమ్మలు చేసుకునే రంగు బంకమట్టి ఒక డబ్బా కొనండి. క్యాలిపర్ ముఖం మీద, పైన గుండ్రటి వీపు మీద నాలుగు చోట్ల వేలెడు మందాన అంటించండి. రిమ్మును టైరు లేకుండా, నట్లు చేత్తో బిగించి, ఒక్క చుట్టు మెల్లగా తిప్పండి. తీసి చూస్తే చువ్వ ఎక్కడెక్కడ మట్టిని నొక్కిందో అచ్చు పడి ఉంటుంది. అచ్చులో అన్నింటికంటే పలచగా ఉన్న చోట మందాన్ని వెర్నియర్‌తో కొలవండి. 5 మి.మీ. స్పేసర్‌తో ఒకసారి, 10తో ఒకసారి. నాకు కనీసం 3 మి.మీ. సందు కావాలి. 5తో ఆ సందు వస్తే 10 జోలికి పోకండి.

ఆ మట్టి మీద ఇంకొకటి కూడా గమనించండి. చువ్వ తగలడం వేరు, క్యాలిపర్ వీపు రిమ్ము లోపలి గోడకు తగలడం వేరు. చువ్వ తగులుతుంటే స్పేసర్ పనిచేస్తుంది. లోపలి గోడ తగులుతుంటే స్పేసర్ వల్ల దాదాపు లాభం లేదు, ఎందుకంటే స్పేసర్ రిమ్మును పక్కకు జరుపుతుందే కానీ దాని చుట్టుకొలతను పెంచదు. గోడకు సందు ఉన్నా, బ్యాలెన్సింగ్ కోసం లోపల అంటించే సీసం ముక్కలు క్యాలిపర్‌కు కొట్టుకుంటాయి. పోయిన వేసవిలో ఒక కారు సరిగ్గా ఇలాగే వచ్చింది. బ్యాలెన్స్ చేసి పంపిన గంటలోనే మళ్లీ వణుకు. చూస్తే ఒక్క ముక్కా లేదు, క్యాలిపర్ మీద వెండి గీత మాత్రం మిగిలింది. ముక్కలను చువ్వల వెనక వైపు, క్యాలిపర్ చేరని చోట అంటిస్తే సరిపోయింది.

ఇక మీ బంధువు భయం గురించి. ఆయన మాటలో నిజం లేకపోలేదు. స్పేసర్ వేసిన చక్రాలు ఊడిన సందర్భాలు ఉన్నాయి, ఒకటి నా చేతుల మీదుగానే జరిగింది. కానీ ఊడేది స్పేసర్ ఉన్నందుకు కాదు, బిగింపు సడలినందుకు.

చాలామంది చక్రం బరువు స్టడ్ల (నట్లు ఎక్కించడానికి హబ్బు నుంచి పొడుచుకొచ్చే మర కడ్డీల) మీద వేలాడుతుందని అనుకుంటారు. కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్డు రబ్బరులా కొద్దిగా సాగుతుంది, వెనక్కి ముడుచుకోవాలని లాగుతుంది. ఆ లాగుడుకు రిమ్ము, డిస్కు, హబ్బు ఒకదానికొకటి గట్టిగా అదుముకుంటాయి. ఆ ముఖాల మధ్య పుట్టే రాపిడే కారు బరువునూ, బ్రేకు బలాన్నీ మోస్తుంది. మధ్యలో స్పేసర్ చేరితే అదుముకునే జత ఇంకొకటి పెరుగుతుంది. ఆ ముఖాల మధ్య తుప్పు పొరో, పెయింటో, ఇసుక రేణువో ఉంటే నాలుగు రోజులకు అది నలిగి పలచబడుతుంది. పలచబడినంత మేరా స్టడ్డు సాగుడు తగ్గుతుంది, బిగింపు పోతుంది. అప్పుడు రిమ్ము జరగడం మొదలుపెట్టి, స్టడ్లను అటూ ఇటూ వంచి వంచి తీగను విరిచినట్టు విరిచేస్తుంది.

2008లో నేను చేసిన తప్పు చెబుతాను. ఒక పాత సెడాన్‌కు 8 మి.మీ. స్పేసర్లు వేశాను. స్టడ్లు పొడవు మార్చలేదు. నట్టు ఐదు చుట్లే ఎక్కింది, గాలి గన్నుతో గట్టిగా కొట్టేశాను కాబట్టి సరిపోతుందనుకున్నాను. డిస్కు ముఖం మీద తుప్పు కూడా గీకలేదు, ఆ రోజు రద్దీ. మూడో వారం కావలి దాటాక ఆయనకు వెనక ఎడమ వైపు టకటక మని చప్పుడు వినిపించింది. అదృష్టవశాత్తూ వెంటనే పక్కకు ఆపారు. ఐదులో రెండు స్టడ్లు విరిగిపోయాయి, మిగిలిన మూడు నట్లు చేత్తో తిరుగుతున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రిమ్ము, హబ్బు ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ స్పేసర్‌ను ఇప్పటికీ గల్లాపెట్టె పక్కన పెట్టుకుని ఉన్నాను. గుండ్రంగా ఉండవలసిన రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగాయి, ఒక్కో రంధ్రం అంచున స్టడ్డు మర కొరికిన గీతలు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. "స్పేసర్ వేసి పది నిమిషాల్లో ఇచ్చేయండి" అనే వారికి ముందు దాన్ని చేతికిస్తాను.

అందుకని చుట్లు లెక్కపెట్టండి. నట్టు కనీసం స్టడ్డు మందమంత లోతుకు మర ఎక్కాలి. మీ మస్టాంగ్ స్టడ్డు 14 మి.మీ. మందం, మర 1.5. ఒక్కో చుట్టుకు నట్టు 1.5 మి.మీ. నడుస్తుంది కాబట్టి 14 మి.మీ. కావాలంటే తొమ్మిది చుట్లు దాటి పదికి దగ్గరగా రావాలి. 5 మి.మీ. స్పేసర్ మూడు చుట్లకు పైగా తినేస్తుంది. 10 మి.మీ. అయితే ఆరున్నర చుట్ల పైమాటే. స్పేసర్ లేకుండా కొత్త రిమ్ముకు ఎన్ని చుట్లు వస్తున్నాయో ముందు లెక్కపెట్టి, అందులోంచి తీసేయండి. పది కంటే తక్కువ మిగిలితే పొడవాటి స్టడ్లు వేయించక తప్పదు. పాత స్టడ్లను సుత్తితో బాది తీసే చోట కారు ఇవ్వకండి, ఆ దెబ్బలు బేరింగ్ గుండ్ల మీద పడతాయి. ప్రెస్‌తో తీసి, ప్రెస్‌తో కూర్చోబెట్టాలి. పొడవాటి స్టడ్లకు మూతి మూసిన నట్లు వాడితే మరో ప్రమాదం: స్టడ్డు కొన నట్టు లోపలి అడుగుకు తగిలి ఆగిపోతుంది, మీకు గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది, రిమ్ము మాత్రం వదులుగానే ఉంటుంది. రెండు వైపులా తెరిచి ఉన్న నట్లయితే స్టడ్డు బయటికి రావడం కంటితో చూసుకోవచ్చు.

నట్టు కూర్చునే ఆకారం కూడా చూడాలి. కొన్ని రిమ్ములకు నట్టు గూడు శంఖం మూతిలా ఏటవాలుగా ఉంటుంది, కొన్నింటికి బంతిలా గుండ్రంగా ఉంటుంది. ఏటవాలు నట్టును గుండ్రటి గూట్లో బిగిస్తే సన్నటి గీత మేరకే ఆనుతుంది. దాన్ని ఎంత బిగించినా వ్యర్థం.

తర్వాతిది మధ్య రంధ్రం. మన ఇళ్లలో తిరగలి చూసే ఉంటారు. మధ్య కీలు వదులైతే పై రాయి ఊగిసలాడుతుంది, ఎంత బలంగా తిప్పినా పిండి సరిగ్గా పడదు. హబ్బు మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి అంచు, దాన్నే లిప్పు అంటాం, ఆ కీలు లాంటిది. రిమ్మును సరిగ్గా నడిమధ్యకు తెచ్చేది అదే. మస్టాంగ్ లిప్పు 70.5 మి.మీ., మీ రిమ్ము రంధ్రం 73.1. తేడా 2.6, అంటే చుట్టూ 1.3 మి.మీ. ఖాళీ. మీకు కావలసిన స్పేసర్ లోపల 70.5 ఉండి, బయట తనకంటూ 73.1 లిప్పు ఉన్నది. అప్పుడు స్పేసర్ హబ్బును పట్టుకుంటుంది, రిమ్ము స్పేసర్‌ను పట్టుకుంటుంది. 5 మి.మీ. బిళ్లకు సొంత లిప్పు దొరకకపోతే, హబ్బు లిప్పు ఇంకా ఎంత బయటికి మిగిలిందో చూసి, దాని మీద 70.5 నుంచి 73.1కు అల్యూమినియం రింగు వేయాలి. ప్లాస్టిక్ రింగు వద్దంటాను. నా ఖాతాదారు ఒకరు శ్రీపెరుంబుదూర్ దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు వెళ్లి వచ్చాక చక్రం విప్పితే, బ్రేకుల వేడికి ఆ రింగు బెల్లం పాకంలా సాగి హబ్బుకు అతుక్కుని ఉంది.

మీ షాపు వాళ్లు చూపించే చవక రకానికి లోపలి రంధ్రం ఎన్నో కార్లకు సరిపోయేలా పెద్దగా ఉంటుంది. మీ ఊరి నుంచే ఒక తెల్ల రోడ్‌స్టర్ వచ్చింది, 100 దాటగానే స్టీరింగ్ వణుకు. అప్పటికే నాలుగు సార్లు బ్యాలెన్సింగ్ చేయించారు, రెండు కొత్త టైర్లు కొనిపించారు, ఇక ఇరుసు మార్చాలని చెప్పారట. స్పేసర్ తీసి కొలిస్తే లోపలి రంధ్రం 74.1, హబ్బు లిప్పు 72.6. బిళ్ల కిందికి జారి కూర్చుంది, దాని మీద రిమ్ము, రిమ్ము మీద టైరు. చక్రం మొత్తం ముక్కాలు మిల్లీమీటరు దాకా పక్కకు తిరుగుతోంది. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద రిమ్ము ఒక్కటే ఉంటుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ సున్నాయే చూపించింది. సరైన కొలత స్పేసర్ వేస్తే ఆ రోజే పోయింది.

కొలత దొరకలేదని లేత్ షాపులో చేయించుకునే వాళ్లున్నారు. మన లేత్ మేస్త్రిలు పనిమంతులు, కొలత తప్పరు. తంటా లోహంతోనే. తుక్కు కరిగించి పోసిన అల్యూమినియం దిమ్మలో ఏముందో మేస్త్రికి తెలియదు, నాకూ తెలియదు. మంచి స్పేసర్లు 6061-టీ6 లేదా 7075-టీ6 అనే రకం అల్యూమినియంతో చేస్తారు, ఆ సంగతి బిళ్ల మీదో, దాని కాగితం మీదో రాసి ఉంటుంది. ఒక్కో స్టడ్డుకు రెండేసి వాషర్లు దూర్చి అదే స్పేసర్ అనుకునే వారినీ చూశాను. వారికి చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు. రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చడం కూడా అదే జాబితాలో రాసుకోండి.

బోల్టు మీద బోల్టు రకం ఒకటి ఉంది. స్పేసర్‌ను హబ్బుకు బిగించి, దానికే ఉన్న వేరే స్టడ్లకు రిమ్ము బిగిస్తారు. స్టడ్లు మార్చే పని తప్పుతుంది. కానీ మామూలుగా 20 మి.మీ. పైన ఉంటేనే అందులో నట్లు మునిగే లోతు వస్తుంది. మీకు అంత అక్కరలేదు కాబట్టి ఆ దారి మూసేయండి. పీసీడీ మార్చవలసిన వాళ్లకే అది.

బేరింగ్ పాడవుతుందా అని కూడా అడిగారు. టైరు బయటికి జరిగే కొద్దీ బేరింగ్ మీద భారం పెరిగే మాట నిజం. కానీ మధ్యలో స్పేసర్ ఉందా, తక్కువ ఆఫ్‌సెట్ రిమ్ము ఉందా అన్నది బేరింగ్‌కు తెలియదు. ఈటీ45 రిమ్ముకు 5 మి.మీ. స్పేసర్ వేసినా, స్పేసర్ లేకుండా ఈటీ40 రిమ్ము వేసినా దానికి ఒకటే. పోర్షే లాంటి సంస్థ కొన్ని మోడళ్లకు తానే 5 మి.మీ. స్పేసర్లు అమ్మింది. మీరు ముందు భయపడవలసింది బేరింగ్ గురించి కాదు. స్టీరింగ్ కొంచెం మారుతుంది: ఒక వైపు చక్రం గుంతలో పడినా, ఒక వైపు తడి రోడ్డు మీద బ్రేకు వేసినా చేతికి లాగుడు ఎక్కువ తెలుస్తుంది. 5 మి.మీ.కు చాలామంది గమనించరు, 20కి అందరూ గమనిస్తారు.

ఇప్పుడు వెనక చక్రాలు. మస్టాంగ్ వెనక కంపెనీ రిమ్ము 9.5 అంగుళాలు, ఈటీ52.5, టైరు 275/40 ఆర్19 (275 అంటే టైరు వెడల్పు, మి.మీ.లలో). ఆ టైరుకు రిమ్ము కనీసం 9 అంగుళాల వెడల్పు ఉండాలి, 11 దాకా పోవచ్చు. మీది 8.5. దాని మీద 275 ఎక్కిస్తే ఎక్కుతుంది, గాలి నింపితే నిలబడుతుంది, షాపులో బాగానే కనిపిస్తుంది. కానీ టైరు పక్కలు లోపలికి ముడుచుకుని, రోడ్డుకు ఆనే ముఖం మధ్య భాగం ఉబ్బుతుంది, మలుపులో పక్కకు ఒరుగుతుంది. 5 లీటర్ల వీ8 ఇంజను, సుమారు 400 గుర్రాల బలం, అదంతా రోడ్డు మీదికి వచ్చేది ఆ రెండు టైర్ల గుండానే. తుపాను వానల్లో హైవే మీద నీళ్లు నిలిచినప్పుడు ఆ కారును ఉబ్బిన టైర్ల మీద నడపమని నేను ఎవరికీ చెప్పను.

వెనక కూడా ముందు టైరు సైజే, 255/40 వేస్తే సరిపోతుంది కదా అంటారేమో. రిమ్ముకు సరిపోతుంది, కారుకు సరిపోదు. 275/40 టైరు ఎత్తు 702.6 మి.మీ., 255/40 ఎత్తు 686.6. వెనక చక్రం 16 మి.మీ. చిన్నదవుతుంది, అంటే రెండు శాతం పైన. ముందు వెనక చక్రాలు తిరిగే వేగాల మధ్య ఉన్న తేడాను బట్టే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ పనిచేస్తాయి. మీరు ఆ తేడానే మార్చేస్తున్నారు. పట్టు కూడా తగ్గుతుంది. ఇన్ని లక్షలు పోసి కొన్న కారుకు వెనక పట్టు తగ్గించుకోవడం ఎందుకు? అందుకే వెనకకు 9.5 అంగుళాల జత అదే నమూనాలో దొరుకుతుందేమో చూడండి. దొరకకపోతే నాలుగూ అమ్మేయండి. ముందు ఒక రకం, వెనక ఒక రకం చువ్వలతో తిరగడం మీకు ఇష్టమైతే అది మీ ఇష్టం. నాకైతే చూడబుద్ధి కాదు.

రిమ్ము వెనక వైపు ఎంత బరువు మోయగలదో అచ్చు వేసి ఉంటుంది, అదీ చదవండి. చిన్న కార్ల కోసం చేసిన రిమ్ములకు ఆ అంకె తక్కువ ఉంటుంది. మీ కారు ఖాళీగానే 1,700 కిలోల పైన తూగుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో యజమాని చేసిన ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. ఫెండర్ దాటి బయటికొచ్చిన టైరు ఎవరి కంటికైనా ముందు కనిపించే మార్పు. ఇన్సూరెన్స్ వాళ్లకు రిమ్ములు, స్పేసర్ల సంగతి ముందే రాతపూర్వకంగా తెలిపి, వారి జవాబు దాచుకోండి. ప్రమాదం జరిగాక సర్వేయర్ చక్రం విప్పి చూసేటప్పుడు మొదలయ్యే వాదన మీకు వద్దు. జర్మనీలో స్పేసర్‌కు తనిఖీ సంస్థ ధ్రువపత్రం ఉండాలి. అలాంటి పత్రంతో వచ్చే బిళ్లలు ఇక్కడ కొనుక్కున్నా నాణ్యత మీద నమ్మకం ఉంటుంది.

బిగించే రోజు మీరు పక్కనే నిలబడండి. హబ్బు ముఖం, డిస్కు ముఖం వైర్ బ్రష్షుతోనూ ఎమరీ కాగితంతోనూ మెరిసేదాకా రుద్దాలి. డిస్కు జారకుండా స్టడ్డుకు పలచటి రేకు క్లిప్పు ఏదైనా ఉంటే తీసేయాలి, లేకపోతే స్పేసర్ దాని మీద ఎక్కి కూర్చుంటుంది. స్పేసర్ పెట్టి నాలుగు మూలలా బొటనవేలితో నొక్కి చూడండి, ఏ మూలా ఊగకూడదు. రిమ్ము వెనక ముఖం మీద పెయింటు మందంగా ఉంటే అదీ గీకాలి. నట్లు చేత్తో ఎక్కించి, నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా బిగిస్తూ, చివర టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) 204 న్యూటన్ మీటర్లకు తేవాలి. మస్టాంగ్‌కు కంపెనీ చెప్పిన అంకె అదే, చిన్న కార్ల అంకెకు దాదాపు రెట్టింపు. అలవాటు కొద్దీ 110 దగ్గర ఆపేసే కుర్రవాళ్లు ఉంటారు, రెంచి మీద అంకె మీరే చూడండి. మరలకు గ్రీజు, నూనె రాయనివ్వకండి. గ్రీజు రాస్తే అదే టార్క్‌కు స్టడ్డు అవసరానికి మించి సాగుతుంది.

గ్రీజు ఒక్క చోట కావాలి: హబ్బు లిప్పు మీద, తుడిచి పారేసినంత పలచగా, అతుక్కోకుండా రాసే పేస్టు. ఉక్కు హబ్బు, అల్యూమినియం స్పేసర్, మధ్యలో ఉప్పుగాలి తేమ చేరితే రెండూ కలిసి ఒకే ముద్ద అయిపోతాయి. మైపాడు దగ్గర సముద్రం పక్కన రెండేళ్లు ఉంచిన ఒక కారుకు స్పేసర్లు ఊడదీయడానికి నాకు ఒక పూట పట్టింది. నూనె పోసి, వేడి చేసి, నైలాన్ సుత్తితో తట్టి తట్టి తీస్తే లోపల తెల్లటి సున్నం పొడి గుప్పెడు రాలింది. మీరు కొత్తపట్నం వైపు ఎక్కువ తిరుగుతారని రాశారు కాబట్టి ఏడాదికి ఒకసారి, వానాకాలం అయిపోయాక, విప్పి శుభ్రం చేయించండి.

బిగించాక 80 నుంచి 100 కిలోమీటర్లు నడిపి, చక్రాలు పూర్తిగా చల్లారాక మళ్లీ టార్క్ చూడాలి. ఒంగోలు నుంచి నెల్లూరు సుమారు 120 కిలోమీటర్లు. అక్కడ బిగించుకుని ఇటు వస్తే నేనే చూసి పంపుతాను, ఉదయం పది లోపల వస్తే ర్యాంపు ఖాళీగా ఉంటుంది. వచ్చేటప్పుడు బంకమట్టి అచ్చులు, చుట్ల లెక్క రాసుకున్న కాగితం తీసుకురండి. కారుతో వచ్చిన అసలు రిమ్ములు, నట్లు అమ్మకుండా ఇంట్లోనే ఉంచండి.